‘పవర్’: మాట ఒక్కటి, అర్థాలు అనేకం

ఉదయం లేచింది మొదలు రాత్రి పడుకొనే వరకు మన ఇళ్ళలో ‘పవర్’ అన్న మాట ఎన్నిసార్లు వినబడుతుందో ఒకరోజు లెక్కపెట్టి చూడండి. ఫ్యాను ఆగిపోతే ‘పవర్ పోయింది’ అంటాం. తాతగారు కొత్త కళ్ళజోడు తెచ్చుకుంటే ‘పవర్ పెరిగింది’ అంటాం. మందుల దుకాణానికి వెళ్ళి ‘కొంచెం ఎక్కువ పవర్ ఉన్న మాత్ర ఇవ్వండి’ అని అడిగేవారున్నారు. ఎనిమిదో తరగతి పిల్లవాడు అరుగుమీద కూర్చుండి ‘టూ పవర్ త్రీ ఈజ్ ఎయిట్’ అని వల్లెవేస్తూంటాడు. పొలంలోని మోటారు ఐదు హార్స్‌పవర్‌ది. ఎన్నికలలో గెలిచిన పక్షం ‘పవర్’లోకి వస్తుంది. దూరదేశంలో ఉన్న అన్నగారు తన భూమి వ్యవహారాలు చూడమని తమ్ముడికి ‘పవరాఫ్ అటార్నీ’ వ్రాసి ఇస్తారు. ప్రయాణంలో ఫోను ఆరిపోతే ‘పవర్ బ్యాంకు’ కోసం వెతుక్కుంటాం.

ఇన్ని చోట్ల మనం వాడేది ఒకే ఇంగ్లీషు మాట. అన్ని చోట్లా దాని అర్థం ఒక్కటేనా? తరగతిలో ఈ ప్రశ్న వేస్తే చాలామంది పిల్లలు ‘పవర్ అంటే శక్తి’ అని చటుక్కున చెబుతారు. నిఘంటువు ప్రకారం ఆ జవాబు తప్పు కాదు. భౌతికశాస్త్రం పరీక్షలో మాత్రం అది తప్పే. ఈ చిక్కు ఎక్కడ పుట్టింది? దీనివలన పోయేది పరీక్షలో రెండు మార్కులేనా, లేక జేబుకూ, ఆరోగ్యానికీ కూడా నష్టమున్నదా? ఈ సంగతి కొంచెం విచారిద్దాం.

మాట పుట్టుక

లాటిన్ భాషలో ‘పోసె’ అనే క్రియ ఉన్నది. దానికి ‘చేయగలగడం’ అని అర్థం. అది ఫ్రెంచివారి నోళ్ళలో నలిగి, రూపం మార్చుకొని, సుమారు 700 సంవత్సరాల క్రిందట ‘పవర్’గా ఇంగ్లీషులో చేరింది. ‘పాసిబుల్’, ‘పొటెన్షియల్’ అన్న మాటలు దీని తోబుట్టువులే.

మన ‘శక్తి’ని చూడండి. సంస్కృతంలో ‘శక్’ అన్న ధాతువునుండి అది వచ్చింది. ఆ ధాతువుకు కూడా ‘చేయగలగడం’ అనే అర్థం. ఇక సమర్థుని గుణం సామర్థ్యం, సమర్థుడన్నా చేయగలవాడే. కాబట్టి మాటల పుట్టుకను బట్టి చూస్తే పవర్, శక్తి, సామర్థ్యం మూడూ ఒక్కటే. పిల్లవాడు ‘పవర్ అంటే శక్తి’ అన్నాడంటే అందులో వాని తప్పేమీ లేదు.

‘చేయగలగడం’ అనే ఆ మూలార్థం నుండి ఎన్నో కొమ్మలు బయలుదేరాయి. రాజు శాసించగలడు గనుక అది అధికారం. మరొకరి తరఫున సంతకం చేయగల హక్కు ‘పవరాఫ్ అటార్నీ’. మన పెద్దలు దీనినే ముఖ్తారునామా అనేవారు. యంత్రం బరువు లాగగలదు, అద్దం వెలుగును వంచగలదు, మందు రోగాన్ని తగ్గించగలదు. లోకవ్యవహారంలో ఈ ‘గలగడం’ ఎంత వదులుగా ఉన్నా ఇబ్బంది లేదు. శాస్త్రంలో అలా కుదరదు. ఎంత చేయగలదు, ఎంతసేపటిలో చేయగలదు అని కొలిచి చెప్పాలి.

శాస్త్రజ్ఞులకూ తప్పని తికమక

ఈ కొలత ఏర్పడటానికి చాలాకాలం పట్టింది. మీటమీట, కప్పీ, వాలుతలం మొదలైన సామాన్య యంత్రాలను పాత ఇంగ్లీషు పుస్తకాలు ‘మెకానికల్ పవర్స్’ అని పిలిచాయి. ఆ పుస్తకాలలోనే మీటకు ఒక కొన మీద మనం వేసే ఒత్తిడిని కూడా ‘పవర్’ అన్నారు. ఈనాటి లెక్కలో అది బలం. జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ 1847లో ప్రకటించిన సుప్రసిద్ధ వ్యాసం శక్తి నిత్యత్వానికి సంబంధించినది. అయినా దాని పేరులో ఆయన వాడిన జర్మను మాటకు అర్థం ‘బలం’. ఇంగ్లండులో ఫారడే 1857లో ఇదే విషయం మీద ఉపన్యసిస్తూ ‘ఫోర్స్’ అన్న మాటే వాడాడు. ‘ఎనర్జీ’ అన్న మాటను ఈ శాస్త్రార్థంలో థామస్ యంగ్ 1807లోనే ప్రవేశపెట్టినా, అది స్థిరపడటానికి అర్ధశతాబ్దం పట్టింది. మహామహులకే ఇంత తికమక కలిగితే మన పిల్లలకు కలగడంలో వింత లేదు.

‘పవర్’కు ఒక కచ్చితమైన కొలత కావలసి వచ్చినది గనులలోను, మిల్లులలోను. నీటిచక్రాలపై ప్రయోగాలు చేసిన స్మీటన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1759లో తన ఫలితాలను ప్రకటించాడు. ఎంత బరువును, ఎంత ఎత్తుకు, ఎంత కాలంలో లేపగలదన్నదే యంత్రానికి సరైన కొలత అని ఆయన అభిప్రాయం. తరువాత జేమ్స్ వాట్ వచ్చాడు. ఆయన ఆవిరియంత్రాలను కొనేవారు మిల్లుయజమానులు. వారి మిల్లులను అప్పటివరకు గుర్రాలు త్రిప్పేవి. ‘నీ యంత్రం కొంటే నేను ఎన్ని గుర్రాలు మానవచ్చును?’ అన్నది వారి ప్రశ్న. దానికి జవాబుగా వాట్ 1780 తరువాతి సంవత్సరాలలో గుర్రం పనిని లెక్కగట్టాడు. 33,000 పౌండ్ల బరువును ఒక నిమిషంలో ఒక అడుగు ఎత్తు లేపగలిగితే అది ఒక గుర్రం పని అని నిర్ణయించాడు. ఇదే హార్స్‌పవర్. మన కొలతలలో చెప్పాలంటే సుమారు 76 కిలోగ్రాముల బరువును ఒక సెకనులో ఒక మీటరు ఎత్తుకు లేపడం.

వాట్ 1819లో మరణించాడు. 1882లో విలియం సీమెన్స్ ఈ కొలతకు ఆయన పేరు పెట్టాలని ప్రతిపాదించాడు. సెకనుకు ఒక జౌలు పని జరిగితే అది ఒక వాట్. 1960లో ఏర్పడిన అంతర్జాతీయ ప్రమాణాల పద్ధతిలోనూ అదే నిలిచింది. ఒక హార్స్‌పవర్ 746 వాట్లకు సమానం.

బలం, శక్తి, సామర్థ్యం

నూతిలోనుండి 10 మీటర్ల ఎత్తున ఉన్న తొట్టిలోకి 1,000 లీటర్ల నీరు తోడాలనుకుందాం. వెయ్యి లీటర్ల బరువు వెయ్యి కిలోగ్రాములు. ఈ పనికి కావలసిన శక్తి 98,000 జౌళ్లు. ఒక మనిషి చేదతో గంటసేపు తోడి తొట్టి నింపాడు. ఒక చిన్న మోటారు అదే తొట్టిని 200 సెకన్లలో నింపింది. పని ఇద్దరిదీ ఒక్కటే. నీటిని లేపడానికి పట్టిన శక్తి ఒక్కటే. అయితే ఆ మనిషి సామర్థ్యం 27 వాట్లు, మోటారు సామర్థ్యం 490 వాట్లు. తేడా అంతా కాలంలో ఉన్నది.

కావున మూడు మాటలనూ ఇలా గుర్తుంచుకోవచ్చును. చేదత్రాడును లాగేది బలం. తొట్టి నింపడానికి మొత్తం ఖర్చయ్యేది శక్తి. ఆ ఖర్చు సెకనుకు ఎంత చొప్పున జరుగుతున్నదో చెప్పేది సామర్థ్యం. ఇంగ్లీషు భౌతికశాస్త్రంలో ‘పవర్’ ఈ మూడవది మాత్రమే.

ఇక్కడ తెలుగులో మనం జాగ్రత్తపడవలసిన చోటు ఒకటున్నది. హార్స్‌పవర్‌ను మనవారు ‘అశ్వశక్తి’ అని అనువదించారు. పేరులో శక్తి ఉన్నా అది శక్తి కాదు, సామర్థ్యం. ఉపాధ్యాయులు ‘అశ్వసామర్థ్యం’ అనడం అలవాటు చేస్తే పిల్లలకు సగం చిక్కు తీరుతుంది.

కరెంటు బిల్లులో ‘పవర్’

ఇంటి బిల్లులో ఉండే ‘యూనిట్’ సామర్థ్యానికి కొలత కాదు, శక్తికి కొలత. ఒక కిలోవాట్ సామర్థ్యం గల పరికరం గంటసేపు పనిచేస్తే ఖర్చయ్యే శక్తి ఒక యూనిట్. అనగా 36 లక్షల జౌళ్లు. బిల్లు తెలియాలంటే వాట్లను గంటలతో గుణించాలి. వాట్లు ఒక్కటే చూస్తే లాభం లేదు.

2 కిలోవాట్ల గీజరు అరగంట పనిచేస్తే ఒక యూనిట్ అవుతుంది. 60 వాట్ల పాత బల్బు 16 గంటల 40 నిమిషాలు వెలిగితే ఒక యూనిట్. 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు అదే ఒక యూనిట్‌తో 111 గంటలు వెలుగుతుంది. రోజుకు 5 గంటల చొప్పున వెలిగిస్తే 22 రోజులు! చదువుకొనే పిల్లవాడి దీపం ఆర్పించి, గీజరు స్విచ్ మరచిపోయే గృహస్థు లెక్క ఎక్కడ తప్పినదో ఇప్పుడు తెలిసింది గదా.

పొలంలోని 5 హార్స్‌పవర్ మోటారు తన ఇరుసు దగ్గర 3.73 కిలోవాట్లు ఇస్తుంది. దాని దక్షత నూటికి 80 అనుకుంటే తీగలనుండి తీసుకొనేది సుమారు 4.7 కిలోవాట్లు. అనగా గంటకు దాదాపు 4.7 యూనిట్లు.

వార్తలలో ‘ఈ కేంద్రం రోజుకు 770 మెగావాట్లు ఉత్పత్తి చేస్తున్నది’ వంటి వాక్యాలు కనబడుతూంటాయి. శ్రీశైలం కుడిగట్టు విద్యుత్కేంద్రంలో ఒక్కొక్కటి 110 మెగావాట్ల యంత్రాలు ఏడున్నాయి. మొత్తం సామర్థ్యం 770 మెగావాట్లు. అది ‘రోజుకు’ కాదు, ‘గంటకు’ కాదు. కాలం ఆ కొలతలోనే ఇమిడి ఉన్నది. ఏడు యంత్రాలూ గంటసేపు పూర్తిగా తిరిగితే 7,70,000 యూనిట్ల శక్తి వస్తుంది. ‘రోజుకు ఇన్ని మెగావాట్లు’ అనడం, ‘బస్సు రోజుకు గంటకు 60 కిలోమీటర్ల వేగం నడిచింది’ అన్నట్లుంటుంది.

పవర్ బ్యాంకు సంగతీ ఇంతే. దాని మీద 10,000 మిల్లీయాంపియర్-గంటలు అని ఉంటుంది. లోపలి ఘటం వోల్టేజి 3.7 వోల్టులు గనుక అందులో నిలువ ఉండేది 37 వాట్-గంటల శక్తి. అటువంటివి 27 కలిస్తే ఒక యూనిట్. శక్తిని దాచే ఈ పెట్టెకు పవర్ పేరు పెట్టారు! ఫోను ఎంత త్వరగా నిండుతుందో చెప్పేది ఛార్జరు మీద ఉండే 20 వాట్లు, 30 వాట్లు అన్న సంఖ్య. అదే నిజమైన పవర్.

గణితంలో ‘పవర్’

‘2 పవర్ 3 ఎంత?’ అంటే 6 అని చెప్పే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వారు మొద్దులు కారు. పవర్ అన్న మాటలో గుణకారం చేయమన్న సూచన లేదు. గ్రీకు గణితజ్ఞులు ఒక సంఖ్య వర్గాన్ని ‘డ్యూనమిస్’ అన్నారు. దానికి బలమని అర్థం. అది లాటిన్‌లో ‘పొటెన్షియా’ అయి, ఇంగ్లీషులో ‘పవర్’ అయింది. సంఖ్యకు పైన చిన్న అంకె వేసి చూపే పద్ధతి దెకార్త్ 1637లో ప్రకటించిన జ్యామితి గ్రంథంతో వ్యాపించింది.

ఇక్కడ మన మాట మేలైనది. సంస్కృత గణితంలో ‘ఘాతం’ అంటే గుణకారం, గుణించగా వచ్చిన లబ్ధం. 2ను మూడుసార్లు వ్రాసి గుణించడమే దాని మూడవ ఘాతం. ఆ మాట వివరించి చెప్పిన పిల్లవాడు 6 అని వ్రాయడు. ఇందులో 2 భూమి, 3 ఘాతాంకం, వచ్చిన 8 ఘాతం. మూడు మూలకాల సమితికి 8 ఉపసమితులుంటాయి. ఆ ఉపసమితులన్నీ కలిసిన సమితికి ఘాతసమితి అనే పేరు కూడా ఇందువల్లనే వచ్చింది.

ఈ ఘాతాంకాలు పుస్తకానికే పరిమితం కావు. మెగావాట్‌లోని ‘మెగా’ 10 యొక్క ఆరవ ఘాతం, అనగా పదిలక్షలు. మైక్రోగ్రాములోని ‘మైక్రో’ పదిలక్షలలో ఒక వంతు. దీని అవసరం మందుల దగ్గర మళ్ళీ వస్తుంది.

కళ్ళజోడు ‘పవర్’

కటకం వెలుగును ఎంతగా వంచుతుందో చెప్పేది దాని సామర్థ్యం. నాభ్యంతరాన్ని మీటర్లలో కొలిచి, 1ని దానితో భాగిస్తే ఈ సామర్థ్యం వస్తుంది. దీని ప్రమాణం డయాప్టర్. ఈ పేరును ఫ్రెంచి నేత్రవైద్యుడు మొనోయే 1872లో సూచించాడు. అర మీటరు నాభ్యంతరం గల కుంభాకార కటకానికి +2, పావు మీటరుదానికి +4. పుటాకార కటకమైతే సంఖ్యకు ముందు ఋణగుర్తు ఉంటుంది. యంత్రాల వాట్‌కూ దీనికీ ఏమీ సంబంధం లేదు. ఇందులో కాలం లేదు, పని లేదు.

‘కళ్ళకు పవర్ పెరిగింది’ అంటే చూపు బలపడిందని చిన్నపిల్లలు అనుకుంటారు. నిజం దానికి విరుద్ధం. పెరిగినది అద్దాల సామర్థ్యం. కంటికి అంత సాయం కావలసి వచ్చిందన్న మాట. హ్రస్వదృష్టి గల పిల్లవానికి –2 అద్దాలు ఇచ్చారంటే, అద్దాలు లేకుండా వాడు స్పష్టంగా చూడగల అత్యధిక దూరం సుమారు 50 సెంటీమీటర్లు. అది –3 అయితే 33 సెంటీమీటర్లే. తాతగారికి చత్వారం వలన వచ్చే + అద్దాలు వేరు. అక్కడ దగ్గరి అక్షరాలు కనబడవు.

ఈ మాట వలన ఒక పెద్ద కీడు జరుగుతున్నది. ‘జోడు పెట్టుకుంటే పవర్ ఇంకా పెరుగుతుంది’ అని కొందరు తల్లిదండ్రులు పిల్లలచేత అద్దాలు తీయిస్తారు. సరైన అద్దాలు కంటిని పాడుచేయవు. ఎదిగే వయసులో కనుగుడ్డు పొడవు పెరగడం చేత హ్రస్వదృష్టి పెరుగుతుంది. జోడు పెట్టినా, పెట్టకపోయినా అది జరిగేదే. జోడు లేని పిల్లవానికి మాత్రం నల్లబల్ల కనబడదు. బల్ల కనబడనివాడు పాఠం వినడు, లెక్క తప్పుగా ఎక్కించుకుంటాడు, చివరకు మందబుద్ధి అని పేరు తెచ్చుకుంటాడు. వెనుక బెంచీలో కళ్ళు చికిలించి చూసే విద్యార్థి కనబడితే ఉపాధ్యాయులు వెంటనే కంటిపరీక్షకు పంపించాలి. ఇంటివారికి ‘పవర్’ అంటే ఏమిటో చెప్పాలి.

సూక్ష్మదర్శిని దగ్గర ‘హైపవర్, లోపవర్’ అంటాం. అది మరొకటి. వస్తుకటకం 40 రెట్లు, అక్షికటకం 10 రెట్లు పెద్దవి చేసి చూపితే మొత్తం 400 రెట్లు. ఇది ఆవర్ధనం. రెట్లే గనుక దీనికి ప్రమాణం లేదు.

మందుల ‘పవర్’

మాత్ర మీద ఉండే 500, 650 అన్న అంకెలను జనం పవర్ అంటారు. అవి ఆ మాత్రలో ఉన్న మందు బరువు మాత్రమే. పారాసిటమాల్ 650 అంటే 650 మిల్లీగ్రాములు. ఒకే మందు రెండు మాత్రలను ఈ అంకెతో పోల్చవచ్చును. వేరు వేరు మందులను పోల్చడానికి అది పనికిరాదు. థైరాయిడ్ లోపానికి ఇచ్చే థైరాక్సిన్ మాత్ర మీద 100 అని ఉంటే అది 100 మైక్రోగ్రాములు, అనగా మిల్లీగ్రాములో పదవ వంతు. పారాసిటమాల్ మాత్రలో దానికి 6,500 రెట్ల బరువు మందున్నది. అంతమాత్రాన థైరాక్సిన్ ‘తక్కువ పవర్’ మందా? కాదు. వైద్యుడు చెప్పిన దానికంటె అది ఎక్కువైతే గుండె దడదడలాడుతుంది.

‘ఇది చిన్న పవరే గదా, రెండు వేసుకుందాం’ అనుకోవడం, జ్వరం తగ్గలేదని పారాసిటమాల్ మాటిమాటికీ మ్రింగడం ప్రమాదకరం. పెద్దవారికైనా అది రోజుకు 4 గ్రాములు మించరాదు. మించితే కాలేయానికి ముప్పు. పిల్లల మోతాదు వారి బరువును బట్టి వైద్యుడు నిర్ణయించవలసినది.

ప్రమాణమే గురుతు

ఇన్ని అర్థాలలో ఏది ఎక్కడిదో తెలుసుకోవడానికి ఒక సులువైన ఉపాయమున్నది. ఎవరైనా ‘పవర్’ అనగానే ‘ఎంత?’ అని అడగండి. అంకె చెప్పగానే ‘దేనిలో?’ అని అడగండి. జవాబు వాట్లు, హార్స్‌పవర్ అయితే అది సామర్థ్యం. యూనిట్లు, జౌళ్లు అయితే అది శక్తి. పవర్ అనడం తప్పు. డయాప్టర్లు అయితే కటకం. మిల్లీగ్రాములు, మైక్రోగ్రాములు అయితే మందు బరువు. ప్రమాణమే లేకపోతే గణితంలోని ఘాతమో, సూక్ష్మదర్శిని రెట్లో కావచ్చును. కొలతకే అందనిది అధికారం!

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని మూడు చిన్న ప్రయోగాలతో బోధించవచ్చును. మొదటిది: 50 కిలోగ్రాముల విద్యార్థి 3 మీటర్ల ఎత్తు మెట్లెక్కితే జరిగే పని 1,470 జౌళ్లు. 15 సెకన్లలో నడిచి ఎక్కితే సామర్థ్యం 98 వాట్లు; 5 సెకన్లలో పరుగున ఎక్కితే 294 వాట్లు. ఒక్కొక్కరి సామర్థ్యం గుర్రంలో ఎన్నో వంతో పిల్లలే లెక్కగట్టి సంతోషిస్తారు. రెండవది: ఎవరి ఇంటి కరెంటు బిల్లు వారు తెచ్చి, ఇంట్లోని పరికరాల వాట్లు, గంటలు వ్రాసి యూనిట్లు సరిచూడడం. మూడవది: చత్వారపు జోడును కిటికీకి ఎదురుగా గోడ దగ్గర పట్టుకొని ముందుకు వెనుకకు జరిపితే, ఒక దూరంలో బయటి చెట్టు బింబం గోడ మీద తలక్రిందులుగా స్పష్టంగా పడుతుంది. ఆ దూరం 50 సెంటీమీటర్లయితే జోడు +2 అన్నమాట. కళ్ళద్దాల దుకాణంవారి చీటీతో సరిచూసుకోవచ్చును.

ఇంగ్లీషు మాటలు మన భాషలోకి రావడం తప్పు కాదు. అవి వచ్చేటప్పుడు తమ అర్థాలన్నిటినీ ఒకే మూటగా కట్టుకొని వస్తాయి. ఆ మూట విప్పి, దేనిని ఎక్కడ ఉంచాలో అక్కడ ఉంచే పని మొదట తరగతిగదిలో జరగాలి. అది సరిగా జరిగితే బిల్లు చదవగల గృహస్థులు, జోడు తీయించని తల్లిదండ్రులు, మాత్ర మ్రింగే ముందు ప్రమాణం చూసే పౌరులు ఆ గదినుండే బయటికి వస్తారు.